సంఘం ఆవరణలో ఒక సైకిల్ షెడ్డు పెట్టండి
నల్లగండ్ల చుట్టుపక్కల సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

నల్లగండ్ల, తెల్లాపూర్, లింగంపల్లి, చందానగర్, గోపన్‌పల్లి సంఘాల అయ్యగార్లకు, పాస్టరుగార్లకు, పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, యూత్ లీడర్లకు,



ఇంకొన్ని వారాల్లో మీ కమిటీలు కూర్చుంటాయి. సెమీ క్రిస్మస్ ఏ తేదీన, స్టేజీ ఎవరికి ఇవ్వాలి, సౌండు ఎవరిది, భోజనాల్లోకి బిర్యానీయా బగారా అన్నమా అని మాట్లాడుకుంటారు. చివర్లో, అందరూ లేచే ముందు, పేదలకు ఈసారి ఏం పంచుదాం అన్న సంగతి వస్తుంది. ఎవరో ఒకరు దుప్పట్లు అంటారు. మిగతావాళ్లు సరే అంటారు. ఆ మాట రాకముందే నా మాట మీ చెవిన వేద్దామని ఈ లేఖ. ఈసారి దుప్పట్లు వద్దు. మీ ఆవరణలో ఓ మూల రేకుల షెడ్డు వేసి, ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో మూలపడ్డ సైకిళ్లను అడిగి తెచ్చి, బాగుచేసి, అవసరమైనవాళ్లకు ఇవ్వండి. ఇచ్చాక ఆ సైకిలు మంచీచెడూ కూడా మీరే చూసుకోండి. మొదటి పని చేయడానికి ఎవరైనా ముందుకొస్తారు. రెండో పని ఎవరూ తలకెత్తుకోరు కాబట్టి మీకు రాస్తున్నాను.

నేను బీహెచ్ఈఎల్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. రామచంద్రాపురం ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన వేళ గేటు బయట సైకిళ్ల వరద ఎలా ఉండేదో చూసినవాళ్లు మీ సంఘాల్లో ఇంకా ఉన్నారు, అడగండి. అట్లాస్, హెర్క్యులెస్, హీరో, ర్యాలీ. స్టాండులో మన సైకిలు మనం వెతుక్కుని పట్టుకోవడమే ఒక డ్యూటీ. అందులో అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లో మిగిలిన తన ఆఖరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది. ఐక్యరాజ్య సమితి ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించిన తేదీ అది. కావాలని పెట్టుకున్న ముహూర్తం కాదు గానీ, పేపర్లో చదివినప్పుడు నాకు మాత్రం గుచ్చుకుంది.

అదే 2020లో మన దగ్గర రెండు సంగతులు జరిగాయి. లాక్‌డౌన్ సడలించాక గేటెడ్ కమ్యూనిటీల్లో సైకిళ్ల మోజు పట్టుకుంది. జిమ్ములు మూత, పిల్లలకు బడి లేదు, పెద్దలకు ఆఫీసు లేదు. షాపుల్లో గేర్ల సైకిలు కావాలంటే పేరు రాయించుకుని ఆగాల్సి వచ్చింది. ఇరవై వేలూ ముప్పై వేలూ పెట్టి కొన్నారు. ఆఫీసులు తెరిచాక అవన్నీ సెల్లారు పిల్లర్లకు ఒరిగాయి. ఇవాళ నల్లగండ్లలో ఏ పెద్ద అపార్ట్‌మెంటు రెండో సెల్లారుకు దిగినా కనిపిస్తాయి. గాలి లేని చక్రాలు, చైను మీద తుప్పు, సీటు మీద వేలితో పేరు రాయొచ్చన్నంత దుమ్ము, హ్యాండిల్‌కు ఫ్లాట్ నంబరు చీటీ. వాటి మధ్యలో పిల్లలు ఎదిగిపోగా మిగిలిన చిన్న సైకిళ్లు, కొన్నింటికి పక్క చక్రాలు కూడా ఊడదీయలేదు. సెక్రటరీగారు ఏడాదికోసారి వాట్సాప్‌లో నోటీసు పెడతారు, ఫలానా తేదీలోగా తీయకపోతే పాత సామానువాడికి వేసేస్తామని. అవి కిలోల లెక్కన పోతాయి.

రెండో సంగతి మన లింగంపల్లి స్టేషనులో. 2020 మే 1న తెల్లవారకముందే వలస కూలీల కోసం దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు అక్కణ్నుంచే కదిలింది, జార్ఖండ్‌లోని హటియాకు. కంది దగ్గర ఐఐటీ కట్టడాల్లో పనిచేస్తున్న కూలీలతో కలిపి పన్నెండు వందల మంది దాకా అందులో ఎక్కారు. రైలు దొరకనివాళ్లు నడిచారు, కొందరు సైకిలెక్కారు. పదిహేనేళ్ల పిల్ల ఒకతి పాత సైకిలొకటి కొని, కాలు బాగాలేని తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి బిహార్‌లోని దర్భంగా దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది ఆ నెలలోనే. దేశమంతా చప్పట్లు కొట్టింది. అంత చిన్నపిల్ల అంత దూరం తొక్కాల్సి రావడం చప్పట్లకు తగిన విషయమా అని కొందరు అడిగారు. నేనూ ఆ అడిగినవాళ్ల పక్షమే.

ఎవరికి సైకిలు కావాలో చూడటానికి మీరు సర్వే చేయనక్కర్లేదు. పొద్దున ఆరింటికి నల్లగండ్ల చెరువు దాటి తెల్లాపూర్ వైపు రోడ్డు మీద నిలబడండి. రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, పగటి డ్యూటీకి ఎక్కబోయేవాళ్లు ఎదురెదురుగా నడిచి వస్తుంటారు. పన్నెండు గంటలు నిలబడిన కాళ్లతో ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు. అస్సాం, ఒడిశా, బిహార్ పిల్లలే ఎక్కువ. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు పాపిరెడ్డి కాలనీ నుంచి, గోపన్‌పల్లి తండా నుంచి వస్తారు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం, మంచిదే. కానీ బస్సు మెయిన్ రోడ్డు మీద దించుతుంది. అక్కణ్నుంచి కమ్యూనిటీ గేటు దాకా, గేటు నుంచి బ్లాకు దాకా నడకే. షేర్ ఆటోకు రోజూ ఇచ్చే ఇరవై ముప్పై రూపాయలు నెల తిరిగేసరికి ఎంతవుతాయో ఒక ఇంట్లో గిన్నెలు తోమితే వచ్చే జీతం పక్కన పెట్టి చూడండి.

ఇంకాస్త అవతల కొల్లూరు ఉంది. 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల సముదాయం, 15,660 ఇళ్లు. నగరం బస్తీల్లో ఉన్నవాళ్లకు లాటరీలో వచ్చాయి. ఇల్లు వచ్చింది, పని మాత్రం వదిలొచ్చిన బస్తీ చుట్టుపక్కలే ఉండిపోయింది. కొత్త పని వెతుక్కుంటే దగ్గర్లో దొరికేది తెల్లాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలోనే. మధ్యలో ఉన్న ఆ కొన్ని కిలోమీటర్లు ఒక సైకిలంత దూరం. కారున్నవాడికి అది లెక్కలోకి రాదు, కాలినడకవాడికి అందులోనే పొద్దు గడిచిపోతుంది.

మీలో కొందరు ఈపాటికి నవ్వుకుంటుంటారు. ఈ రోజుల్లో సైకిలెవరికయ్యా కావాలి, అందరూ బండ్లే కదా అని. అనుమానం న్యాయమైనదే, దానికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. 2021 జూన్‌లో ఒక రాత్రి వానలో తడుస్తూ సైకిలు మీద జొమాటో ఆర్డరు తెచ్చిన కుర్రాణ్ని చూసి ఆ కస్టమరు ఫొటో పెట్టి చందాలు అడిగాడు. సగం రోజులోనే డెబ్బై వేలు దాటి పోగయ్యాయి. టీవీఎస్ ఎక్సెల్ కొనిచ్చారు. అంటే దానమిచ్చినవాళ్లు ఆ కుర్రాణ్ని సైకిలు మీంచి దించడానికి ఇచ్చారు. తప్పేమీ లేదు. రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగేవాడికి సైకిలు శిక్ష. కానీ అలా ఫొటోలో పడేది ఒక్కడు. పడనివాళ్ల ముందు ఉన్న దారులు రెండే. ఒకటి నడక, రెండోది ఫైనాన్సులో బండి. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన ఊళ్లో నెలనెలా కిస్తీ కట్టలేక బండి షోరూమువాడికి అప్పగించిన గార్డులు నాకు తెలుసు. మూడు నాలుగు కిలోమీటర్ల లోపు పనికి వెళ్లేవాళ్ల గురించే నేను మాట్లాడుతున్నాను. వాళ్లకు సైకిలు చాలు. బండి కొనుక్కునే దాకా అయినా చాలు.

సైకిలు ఏం చేస్తుందో లెక్కలేసినవాళ్లు ఉన్నారు. బిహార్‌లో 2006లో నితీశ్ కుమార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని పక్క రాష్ట్రం జార్ఖండ్‌తో పోల్చి చూశారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం. అంతకుముందే, 1990ల మొదట్లో, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలా రాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్లకు సైకిలు నేర్పించారు. లక్షమందికి పైగా నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ దాని గురించి రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. అంటే ఇది కొత్త ఆలోచన కాదు, నా సొంతదీ కాదు.

క్రైస్తవుల చేతుల మీదుగా జరిగిన పని కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు రాస్తున్నాను. 2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో సర్వం పోయినవాళ్లకు సైకిళ్లిద్దామని అమెరికాలోని ఒక సైకిల్ భాగాల కంపెనీ తాలూకు ఎఫ్.కె. డే, ఆయన భార్య లియా కలిసి వరల్డ్ బైసికిల్ రిలీఫ్ మొదలుపెట్టారు. అక్కడ వాళ్లతో కలిసి పనిచేసింది మనందరికీ తెలిసిన క్రైస్తవ సేవాసంస్థ వరల్డ్ విజన్. ఇరవై నాలుగు వేలకు పైగా సైకిళ్లు పంచారు. తర్వాత ఆఫ్రికాకు వెళ్లారు. అక్కడ వాళ్లు గమనించిన సంగతి నాకు పని నేర్పిన మేస్త్రీ మాటలాగే ఉంది. సైకిలు ఇవ్వడం తేలిక, ఆరు నెలల తర్వాత అది నడుస్తూ ఉండటం కష్టం. అందుకని నూరు కిలోల బరువు మోసే గట్టి సైకిలు ఒకటి సొంతంగా తయారుచేయించుకున్నారు, ఊళ్లలో మెకానిక్కులకు పని నేర్పారు, విడిభాగాలు అక్కడే దొరికేలా చూశారు. జాంబియాలో సైకిళ్లు అందిన ఆడపిల్లలు బడి ఎగ్గొట్టడం పావు వంతుకు పైగా తగ్గిందని లెక్క తేల్చినవాళ్లలో ఆ నిశిత్ ప్రకాశ్ మళ్లీ ఉన్నాడు.

పాతవి తీసుకుని బాగుచేసి ఇవ్వడమనే పని మాత్రం ఇంకొకామె చేసి చూపించింది. ఆమె చేసింది సైకిళ్లతో కాదు, చక్రాల కుర్చీలతో. జోని ఎరిక్‌సన్ టాడా పేరు మీలో చాలామందికి పరిచయమే, ఆమె సాక్ష్యం మన సంఘాల్లో చెప్పుకుంటూనే ఉంటాం. 1967లో పదిహేడేళ్ల వయసులో నీళ్లలోకి దూకి మెడ విరిగి, భుజాల కింద కదలిక పోయిన మనిషి. ఆమె సంస్థ 1994లో ‘వీల్స్ ఫర్ ద వరల్డ్’ పేరుతో జనం వదిలేసిన చక్రాల కుర్చీలు సేకరించడం మొదలుపెట్టింది. వాటిని బాగుచేసేది ఎవరనుకున్నారు? అమెరికా జైళ్లలోని ఖైదీలు. బాగైన కుర్చీలను దేశదేశాలకు పంపి అక్కడ ఊరికే దించి రారు. ఫిజియోథెరపిస్టులు మనిషిని కూర్చోబెట్టి, కొలిచి, కుర్చీని ఆ మనిషికి సరిపోయేలా బిగిస్తారు. మనకు కావాల్సింది ఈ పద్ధతే.

ఎందుకంటే మనవాళ్లు పంచే పద్ధతి నేను చూశాను. పేరు చెప్పను, ఒక సంఘం వాళ్లు కొన్నేళ్ల కింద పాత సైకిళ్లు తెచ్చి, కడిగి, రంగు పూసి, స్టేజీ మీద రిబ్బన్లు కట్టి ఇచ్చారు. ఫొటోలు బాగా వచ్చాయి. రంగు కింద ట్యూబులు ఎండిపోయి ఉన్నాయి, హబ్బులో గ్రీజు గట్టిపడి బేరింగు గుండ్లు అరిగి ఉన్నాయి. పొట్టి మనిషికి పెద్ద ఫ్రేము, పొడుగు మనిషికి పిల్లల సైకిలు వచ్చాయి. పండగ దాటేసరికి చాలా సైకిళ్లు మళ్లీ మూలకు చేరాయి, ఈసారి పేదవాడి ఇంటి మూలకు. అపార్ట్‌మెంటు వాడికి సెల్లారు ఉంది. పది బై పది గదిలో ఐదుగురు ఉండేవాడికి నడవని సైకిలు ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి?

ఇక పని సంగతి. నా రంగం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

షోకు సైకిలును పని సైకిలుగా మార్చడమే ఇందులో అసలు కిటుకు. ఇరవై ఒక్క గేర్ల సైకిలు గార్డుకు ఇస్తే మొదటి నెలలో గేరు తీగ తెగుతుంది, రెండో నెలలో చైను పుల్లల్లో చిక్కుకుంటుంది. రోడ్డు పక్క పంక్చరు దుకాణంలో ఆ భాగాలు దొరకవు. కాబట్టి గేర్లు తీసేసి ఒకే పళ్లచక్రం ఫ్రీవీలు వేయాలి. అయితే ఇరుసు కూర్చునే గాడి నిలువుగా ఉన్న సైకిళ్లలో చక్రం వెనక్కి లాగి చైను బిగించుకునే వీలుండదు. అలాంటివాటికి వెనక గేరు మార్చే పరికరాన్ని ఊడదీయకుండా, దాని స్క్రూలు తిప్పి మధ్య గేరులో కదలకుండా ఆపేసి, హ్యాండిల్ మీది మీట, తీగ పీకేయాలి. చైనుకు బిగువు అదే ఇస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, షాపుల్లో కుర్రాళ్లు చేస్తున్నదే.

తర్వాత గాలి. మన దుకాణాల్లో చేతిపంపు పాత రకం వాల్వుకు సరిపోతుంది. కారు టైరుకుండే లావు వాల్వుకు పెట్రోలు బంకులో పట్టిస్తారు. రేసు సైకిళ్ల సన్న వాల్వుకు మాత్రం చాలాచోట్ల వేరే నాజిలు కావాలి. అలాంటివాటి జోలికి పోకండి. వాటిని అమ్మి, ఆ డబ్బుతో టైర్లు కొనండి. వెనక షాకప్పు ఉన్న సైకిలుకు క్యారియరు నిలవదు, టిఫిన్ బాక్సు పెట్టుకోవడానికి చోటు లేని సైకిలు పనిమనిషికి పనికిరాదు. డిస్కు బ్రేకులుంటే ప్యాడ్లు ముందే కొని పెట్టుకోవాలి. ప్రతి సైకిలుకూ క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు, తాళం, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాల్సిందే. చీర కట్టేవాళ్లకు అడ్డ గొట్టం లేని ఫ్రేము, చైనుకు పూర్తి కవరు. మొత్తం మీద ఓవరాయిలింగ్‌కు, కొత్త టైర్లూ ట్యూబులకు, ఈ సామానుకు కలిపి కొత్త సైకిలు ధరలో మూడో వంతుకు మించకూడదు. మించేలా ఉంటే ఆ సైకిలును విప్పి భాగాలకు వాడుకోవాలి. అన్నీ బతికించాలన్న మొండితనం షెడ్డును గోడౌను చేస్తుంది.

పిల్లల సైకిళ్లు వస్తాయి, చాలా వస్తాయి. అవి లేబర్ క్యాంపుల్లో పిల్లలకు ఇవ్వండి. తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్ వైపు టవర్లు కడుతున్న కూలీల పిల్లలు రేకుల గదుల మధ్య సిమెంటు సంచులతో ఆడుకుంటున్నారు. ఆడుకోవడం కూడా అవసరమే. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అడగకండి.

ఈ పని యూత్ కుర్రాళ్లు ఒంటరిగా చేయలేరు. వాళ్లలో సగం మంది కోడింగు చేస్తారు, స్పానరు పట్టడం రాదు, అది వాళ్ల తప్పు కాదు. లింగంపల్లి, చందానగర్ రోడ్ల మీద గొడుగు కింద కూర్చుని పంక్చర్లు వేసే మెకానిక్కులున్నారు. సైకిళ్లు తగ్గిపోయి ఇప్పుడు బండ్ల పంక్చర్ల మీదే బతుకుతున్నారు. వాళ్లలో ఒకరిని షెడ్డుకు మేస్త్రీగా పిలవండి. వారానికి ఒకటి రెండు రోజులు చాలు. ఆయనది ఏ మతమైనా సరే. పూర్తి కూలి ఇవ్వండి, సేవ కదా అని తగ్గించకండి. సేవ మనది, ఆయనది పని. మెదక్ చర్చి కథ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడాన్ని, కరువులో ఉన్న జనానికి పని, పనికి తగిన తిండి దొరుకుతుందనే మిషనరీ పాస్నెట్ దొరగారు తలపెట్టారని మన పెద్దలు చెబుతారు. ఊరికే చెయ్యి చాపించకుండా పని చేయించుకుని ఇచ్చిన సంప్రదాయం మనకు ఇంటి పక్కనే ఉంది.

ఇంకో విషయం, ఇది చాలామందికి తట్టదు. పాత చొక్కా వేసుకున్న మనిషి గేర్ల సైకిలు మీద కమ్యూనిటీ గేటు దాటితే ఏమవుతుంది? ఆపుతారు. ఎవరిదిరా అంటారు. అతను దొంగ కాదని రుజువు చేసుకోవాలి. మనం ఇచ్చిన బహుమతి మూలంగా అతను రోజూ అవమానపడకూడదు. కాబట్టి ప్రతి సైకిలుకూ ఒక కాగితం ఉండాలి. ఫ్రేము మీద చెక్కిన నంబరు, ఇచ్చిన అపార్ట్‌మెంటు సెక్రటరీ సంతకం, సంఘం ముద్ర, తీసుకున్నవాడి పేరు. కార్డు సైజులో లామినేషను చేయించి చేతికివ్వండి. షెడ్డులో ఒక రిజిస్టరు పెట్టండి. ఈ ఒక్క పని కోడింగు కుర్రాళ్లు మనకన్నా బాగా చేస్తారు.

మతం సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. సైకిలుకు కరపత్రం కట్టకండి. మడ్‌గార్డు మీద వాక్యం స్టిక్కరు వద్దు. ఆదివారం ఆరాధనకు రమ్మని షరతు అసలే వద్దు. అనుమానంగా చూసేవాళ్లు ఉన్నారు, వాళ్ల భయంతో నేను ఈ మాట అనడం లేదు. మనం చదువుకునే మంచి సమరయుని కథలో ఆ సమరయుడు గాయపడినవాణ్ని నీది ఏ మతమని అడగలేదు. సొంత వాహనం మీద ఎక్కించుకున్నాడు. మనం ప్రసంగాల్లో అక్కడ ఆగిపోతాం. ఆ కథ ఇంకాస్త ముందుకు పోతుంది. పూటకూళ్లవాడి చేతిలో డబ్బు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని ఒప్పుకుంటాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ తిరిగి వస్తానన్న ఒప్పందం. సైకిలు ఇచ్చిన మూడు నెలలకు గాలి ఉందా, బ్రేకు పడుతోందా అని చూడటం ఆ ఒప్పందం లాంటిదే. మీ షెడ్డు నుంచి సైకిలు తీసుకున్న ఎవరికైనా ఏడాది పాటు పంక్చరు, బ్రేకు, చైను పని ఉచితమని రాసి పెట్టండి. సైకిళ్లు తక్కువ ఇచ్చినా ఫర్వాలేదు. పంక్చరు వేసుకోవడం నేర్పిస్తే మంచిది, అయితే దాన్నీ షరతు చేయకండి. పన్నెండు గంటల డ్యూటీ మనిషిని శిక్షణకు రమ్మనడం కూడా ఒక రకం పన్నే. ఆ కారణంతోనే షెడ్డు షిఫ్టు మారే వేళకు తెరవండి, మనకు వీలైన వేళకు కాదు.

రెసిడెంట్స్ అసోసియేషన్ల పెద్దలు కూడా ఈ లేఖ చదువుతారని ఆశ. మీ నుంచి అడిగేవి రెండే. పాత సామానువాణ్ని పిలిచే ముందు సంఘానికి ఒక ఫోను చేయండి. రెండోది, మీ దగ్గర పనిచేసేవాళ్లు సైకిలు పెట్టుకోవడానికి గేటు లోపల, నీడ ఉన్నచోట, ఓ పది సైకిళ్లకు స్టాండు వేయించండి. చాలాచోట్ల పనివాళ్ల సైకిళ్లు గేటు బయట కరెంటు స్తంభానికి కట్టేసి ఉంటున్నాయి. లోపల విజిటర్ల కార్లకు గీతలు గీసిన జాగా ఖాళీగా ఉంటుంది.

ప్రభుత్వం సైకిలు కోసం ఏమీ చేయలేదని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, పైన సోలార్ పలకల కప్పుతో. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పదహారు మెగావాట్ల కరెంటు వస్తుందన్నారు. నేను వెళ్లి చూశాను, చక్కగా ఉంది. ఎండ తగలదు, వాన తగలదు. పొద్దున్నే హెల్మెట్లు, బిగుతు బట్టలు వేసుకుని తొక్కేవాళ్లను చూస్తే ముచ్చటేసింది కూడా. కానీ డ్యూటీకి వెళ్లే గార్డు తొక్కేది ఆ ట్రాకు మీద కాదు. లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ కింద, వానొస్తే నీళ్లు నిలిచే చోట, స్కూలు బస్సులకూ టిప్పర్లకూ మధ్య. సంఘాలు రోడ్లు వేయలేవు, నాకు తెలుసు. కనీసం వెనక రిఫ్లెక్టరు వేయగలవు. అందుకే అది లేకుండా ఒక్క సైకిలూ షెడ్డు దాటకూడదని పైన అంత గట్టిగా అన్నాను.

ఖర్చు గురించి కమిటీలో తప్పకుండా అడుగుతారు. సెమీ క్రిస్మస్‌కు వెనక పెట్టే ఎల్‌ఈడీ తెర ఒక్క రాత్రి అద్దె ఎంతో మీ ట్రెజరరుకు తెలుసు. నా లెక్కలో షెడ్డు మొదలుపెట్టడానికి ఆ డబ్బుకు ఇంకాస్త కలిపితే సరిపోతుంది. రేకులు, రెండు స్టాండ్లు, ఒక వైస్, పానాల సెట్టు, చైను పిన్ను తీసే పనిముట్టు, పుల్లలు బిగించే కీ, చక్రం బెండు తీసే ఫ్రేము, గ్రీజు, సొల్యూషను డబ్బా, ప్యాచులు. కంప్రెసరు ఇప్పుడే కొనకండి, కాళ్ల పంపు చాలు. వారం మొత్తంలో మీ ఆవరణలో కార్లు ఉండేది ఆదివారమే, మిగతా రోజులు గేటుకు తాళమే కదా. స్థలానికి అద్దె లేదు.

నా పనిముట్ల పెట్టె ఇంట్లో ఉంది. బెండు తీసే ఫ్రేము కూడా సొంతంగా వెల్డింగు చేయించుకున్నది ఉంది, దాన్ని ఇచ్చేస్తాను. చేతులు వణకడం మొదలైంది కాబట్టి చక్రాలు బిగించడం చేయలేను గానీ, పక్కన కూర్చుని చెప్పగలను. కమిటీ తీర్మానం దాకా ఆగకుండా ఏ సంఘమైనా ముందు రెండు సైకిళ్లు తెచ్చి మొదలుపెడతానంటే శనివారం పొద్దున వస్తాను. యూత్ నుంచి ఇద్దరు ముగ్గుర్ని పంపండి. పాత బట్టలు వేసుకుని రమ్మనండి, గ్రీజు మరక ఎంత ఉతికినా పోదు.

మీ సహోదరుడు,
నల్లగండ్ల నుంచి ఒక రిటైర్డ్ ఫిట్టరు